40 మార్కులు, ఒక ఆదివారం: చచ్చిపోయిన డబ్బుని జర్మనీ మళ్లీ ఎలా బతికించింది?

ఈ రోజు మనం డబ్బు గురించి మాట్లాడుకుందాం. డబ్బు ఎలా సంపాదించాలి అని కాదు. అసలు డబ్బు అనేది ఎలా చచ్చిపోతుంది, చచ్చిపోయిన డబ్బుని మళ్లీ ఎలా బతికిస్తారు అనేది ఈ రోజు టాపిక్.

చిన్నప్పుడు మనందరికీ ఒక డౌట్ వచ్చే ఉంటుంది. ప్రభుత్వం దగ్గర నోట్లు ప్రింట్ చేసే మెషిన్ ఉంది కదా, ఇంకొన్ని ఎక్కువ ప్రింట్ చేసి అందరికీ పంచేస్తే పేదరికం పోతుంది కదా అని. దీనికి టీచర్లు ఒక్క లైన్‌లో సమాధానం చెప్పేస్తారు, ధరలు పెరుగుతాయి అని. ఆ సమాధానం కరెక్టే కానీ మనసుకి ఎక్కదు. ఎక్కాలంటే 1948లో జర్మనీకి వెళ్లాలి. అక్కడ ఒక దేశం ఓడిపోయింది, నాలుగు దేశాల సైన్యాలు వచ్చి కూర్చున్నాయి, జనం జేబుల్లో కట్టలు కట్టలు డబ్బు ఉంది. కానీ ఆ డబ్బుతో ఒక కోడిగుడ్డు కొనడం కూడా కష్టం.

సరే, కథలోకి వెళ్దాం.

డబ్బు ఎలా చచ్చిపోయింది?

ఏ యుద్ధానికైనా డబ్బు కావాలి. ఆ డబ్బు మూడు రకాలుగా వస్తుంది. జనం మీద పన్ను వేయొచ్చు, అప్పు చేయొచ్చు, లేదా నోట్లు కొట్టొచ్చు. హిట్లర్ ప్రభుత్వం పన్నులు బాగా పెంచితే జనం విసుక్కుంటారని భయపడింది. అందుకని యుద్ధం ఖర్చులో ఎక్కువ భాగం అప్పుతో, కొత్త డబ్బుతో నడిపింది.

ఇక్కడ ఒక ట్రిక్ ఉంది, జాగ్రత్తగా వినండి. యుద్ధం టైమ్‌లో జనానికి జీతాలు వస్తున్నాయి, కానీ షాపుల్లో కొనడానికి ఏమీ లేదు. ఫ్యాక్టరీలన్నీ ట్యాంకులు, బాంబులు చేస్తున్నాయి. మరి జీతం డబ్బులు ఏం చేస్తారు? బ్యాంకులో వేసుకుంటారు. ఆ బ్యాంకులు, సేవింగ్స్ బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలు ఆ డబ్బంతా తీసుకెళ్లి ప్రభుత్వ బాండ్లలో పెట్టేవి. అంటే ఒక సామాన్యుడు "నేను నా పిల్లల కోసం దాచుకుంటున్నా" అనుకున్నాడు. నిజానికి అతని సేవింగ్స్ అతనికి తెలియకుండానే తుపాకీ గుండుగా మారిపోయి ఎక్కడో పేలిపోయింది. పాస్‌బుక్‌లో అంకె మాత్రం అలాగే ఉంది.

యుద్ధం అయిపోయేసరికి ప్రభుత్వం అప్పు దాదాపు 40 వేల కోట్ల రైష్‌మార్కులు. రైష్‌మార్క్ అంటే అప్పటి వాళ్ల కరెన్సీ. చేతుల్లో తిరిగే నోట్లు యుద్ధానికి ముందుతో పోలిస్తే దాదాపు పది రెట్లు అయ్యాయి. అటుపక్క ఊళ్లు కూలిపోయాయి, ఫ్యాక్టరీలు ఆగిపోయాయి, రైల్వే వంతెనలు విరిగిపోయాయి. నోట్లు పది రెట్లు, సరుకులు సగం కూడా లేవు.

మామూలుగా అయితే ఇలాంటప్పుడు ధరలు రాకెట్‌లా పైకి పోవాలి. 1923లో జర్మనీలో అదే జరిగింది, తోపుడు బండ్లలో నోట్లు తీసుకెళ్లే ఫోటోలు మీరు చూసే ఉంటారు. కానీ ఈసారి అలా జరగలేదు. ఎందుకంటే 1936లోనే ప్రభుత్వం ధరల్ని చట్టంతో కట్టేసింది. యుద్ధం తర్వాత వచ్చిన సైనిక ప్రభుత్వాలు కూడా ఆ కంట్రోల్‌ని అలాగే ఉంచాయి. అంటే జ్వరం ఉంది, కానీ థర్మామీటర్ పగలగొట్టేశారు. అందుకే ధర పెరగలేదు, దాని బదులు సరుకే కనిపించకుండా పోయింది.

సిగరెట్టే రూపాయి

ఇప్పుడు మీరు 1947లో కొలోన్ నగరంలో ఉన్నారనుకోండి. రేషన్ కార్డు మీద వచ్చే తిండి చాలదు. అమెరికా జోన్‌లో మామూలు మనిషికి రోజుకి 1,550 క్యాలరీలు ఇస్తామని టార్గెట్ పెట్టుకున్నారు, అదే తక్కువ. 1947లో చాలా చోట్ల అది 1,000 దాకా, ఒక్కోసారి ఇంకా కిందకి కూడా పడిపోయింది. 1946-47 చలికాలం ఘోరం. పొయ్యిలో వేసుకోవడానికి బొగ్గు లేదు. కొలోన్ కార్డినల్ ఫ్రింగ్స్ అని ఒక పెద్ద మతగురువు 1946 డిసెంబర్ 31న ప్రసంగంలో, ప్రాణం నిలుపుకోవడానికి వేరే దారి లేనప్పుడు అవసరమైనది తీసుకోవడం తప్పు కాదు అన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. దాంతో జనం రైళ్ల మీంచి బొగ్గు దొంగతనం చేయడానికి ఆయన పేరు మీదే ఒక కొత్త మాట పుట్టించారు, "ఫ్రింగ్‌సెన్" అని. అంత గౌరవమైన మనిషి పేరు దొంగతనానికి పేరైందంటే పరిస్థితి అర్థం చేసుకోండి.

జీతం డబ్బుల్లోనే వస్తుంది. రేషన్ సరుకు, ఇంటి అద్దె ఆ డబ్బుతో కట్టొచ్చు. అంతకు మించి ఒక్క జత బూట్లు కావాలన్నా బ్లాక్ మార్కెట్‌కి పోవాలి. అక్కడ ఒక్క అమెరికన్ సిగరెట్ ఐదారు మార్కులు. నెలంతా పని చేస్తే వచ్చేది మహా అయితే వంద, రెండు వందల మార్కులు. అంటే నెల జీతం, ఒకటి రెండు సిగరెట్ పెట్టెలు ఒకటే!

అందుకే సిగరెట్టే కరెన్సీ అయిపోయింది. ఒకసారి ఆలోచించండి, అది కరెన్సీకి ఎంత బాగా సరిపోతుందో. చిన్నగా ఉంటుంది, అన్నీ ఒకేలా ఉంటాయి, లెక్కపెట్టొచ్చు, చిల్లర ఉంది, తొందరగా పాడవదు, ఎవడూ దొంగనోటు కొట్టలేడు. పైగా ఎక్కువైపోతే జనమే కాల్చి తగ్గించేస్తారు. జోక్ కాదు, అది నిజంగా ఆటోమేటిక్ కంట్రోల్.

పట్నం వాళ్లు వారాంతాల్లో రైళ్ల పైన, మెట్ల మీద వేలాడుతూ పల్లెలకి వెళ్లేవాళ్లు. చేతిలో తివాచీ, వెండి చెంచాలు, పెళ్లి ఉంగరం. తిరిగొచ్చేటప్పుడు సంచిలో బంగాళదుంపలు. రైతుల గొడ్ల పాకల్లో కూడా పర్షియన్ తివాచీలు పరిచేశారు అని అప్పట్లో జోక్ తిరిగేది.

ఇక్కడ నష్టం ఎక్కడ జరిగిందో చూడండి. పనికి వెళ్తే వచ్చేది చిత్తు కాగితం. దుంపల కోసం పల్లెకి వెళ్తే కడుపు నిండుతుంది. మరి ఎవడు పనికి వెళ్తాడు? ఫ్యాక్టరీ ఓనర్ కూడా అంతే. సరుకు తయారు చేసి అమ్మితే వచ్చేది అదే కాగితం. అందుకని తయారు చేసినదాన్ని గోడౌన్‌లో దాచాడు. అంటే దేశంలో చేతులున్నాయి, మెషిన్లు కొంతైనా ఉన్నాయి, సరుకు కూడా కొంత ఉంది. వాటన్నిటినీ కలిపే దారం తెగిపోయింది. ఆ దారమే డబ్బు.

నాలుగు సైన్యాలు, ఒక ప్రింటింగ్ ప్లేట్

మరి పాలించేది ఎవరు? జర్మన్ ప్రభుత్వమే లేదు. దేశాన్ని నాలుగు జోన్లు చేశారు: అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్. సైన్యాలు వస్తూ వస్తూ తమ సొంత నోట్లు తెచ్చుకున్నాయి, వాటిని మిలిటరీ మార్కులు అనేవాళ్లు.

1944లో అమెరికా ఒక పని చేసింది. ఆ నోట్లు ప్రింట్ చేసే ప్లేట్ల కాపీలు సోవియట్ యూనియన్‌కి ఇచ్చేసింది. అప్పుడు వాళ్లు మిత్రులు కదా. సోవియట్ వాళ్లు ఇష్టం వచ్చినట్టు ప్రింట్ చేసుకున్నారు. తమ సైనికులకి ఆగిపోయిన జీతాలన్నీ ఆ నోట్లలోనే ఇచ్చారు. ఆ నోట్లని వాళ్లు రూబుళ్లుగా మార్చుకునే వీలు లేదు. సో బెర్లిన్ వీధుల్లో వాళ్లు చేసిన పని ఒక్కటే, కనిపించిన వాచ్‌ని కొనేయడం. ఒక మామూలు వాచ్‌కి వందల డాలర్ల విలువైన మార్కులు ఇచ్చేవాళ్లు.

అమెరికన్ సైనికుడికి మాత్రం 10 మార్కులకి ఒక డాలర్ చొప్పున మార్చుకునే సదుపాయం ఉంది. ఇంకేముంది? వాచీలు, సిగరెట్లు అమ్మారు, మార్కులు తీసుకున్నారు, డాలర్లుగా మార్చి ఇంటికి పంపారు. తీరా లెక్క చూస్తే, అమెరికా సైన్యం తన వాళ్లకి ఇచ్చిన జీతం కంటే వాళ్లు ఇంటికి పంపిన డబ్బు ఎక్కువ! ఆ తేడా ఎవరు కట్టారు? అమెరికా ఖజానా. చివరికి 1946 సెప్టెంబర్‌లో సైనికుల కోసం విడిగా కూపన్ లాంటి నోట్లు పెట్టి ఈ దారి మూసేశారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్లీ పనికొస్తుంది.

బ్యాంకుల సంగతి చూద్దాం. రైష్‌బ్యాంక్ అంటే వాళ్ల రిజర్వ్ బ్యాంకు లాంటిది. అది పని చేయడం ఆగిపోయింది. డాయిష్ బ్యాంక్, డ్రెస్డ్నర్ బ్యాంక్, కామర్స్ బ్యాంక్ అని మూడు పెద్ద ప్రైవేట్ బ్యాంకులు ఉండేవి. హిట్లర్ యుద్ధానికి ఇవి కూడా తోడ్పడ్డాయి, ఇంత బలం ఒకేచోట ఉండకూడదు అని అమెరికా పట్టుబట్టింది. 1947-48లో ఆ మూడింటినీ ప్రాంతాల వారీగా ముక్కలు చేసి, 30 చిన్న బ్యాంకులుగా మార్చేశారు. పాత పేర్లు కూడా వాడనివ్వలేదు.

ప్లాన్ ఉంది, ఒప్పందం లేదు

1946లోనే ఒక ప్లాన్ రెడీ అయింది. గెర్హార్డ్ కోల్మ్, రేమండ్ గోల్డ్‌స్మిత్ అని ఇద్దరు ఎకనామిస్టులు, జోసెఫ్ డాడ్జ్ అని డెట్రాయిట్ బ్యాంకర్ ఒకాయన. ఈ ముగ్గురూ కలిసి రాశారు. ఐడియా సింపుల్: పాత 10 మార్కులకి కొత్తది 1. ప్రభుత్వం పాత అప్పు రద్దు. దాంతోపాటు, ఆస్తులున్న వాళ్లు తమ ఆస్తిలో కొంత వదులుకోవాలి, ఆ డబ్బుతో నష్టపోయిన వాళ్లని ఆదుకోవాలి. ఈ రెండో భాగం చాలా ముఖ్యం. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

కానీ నాలుగు దేశాలూ ఒప్పుకుంటేనే అమలు. సోవియట్ వాళ్లు తమ జోన్‌లో ఉన్న లైప్‌జిగ్‌లో కూడా నోట్లు ప్రింట్ చేయాలన్నారు. అమెరికాకి వెంటనే ఏం గుర్తొచ్చి ఉంటుంది? ఆ ప్లేట్ల కథే. ఒకసారి చెయ్యి కాలింది, మళ్లీ పెట్టరు కదా. మీటింగులు రెండేళ్లు సాగాయి, జనం దుంపల కోసం రైళ్లెక్కుతూనే ఉన్నారు.

చివరికి పశ్చిమ జోన్ల వాళ్లు తమ పని తాము మొదలుపెట్టారు. 1948 మార్చి 1న ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక కొత్త సెంట్రల్ బ్యాంకు పెట్టారు. పేరు బాంక్ డాయిషర్ లెండర్, అంటే జర్మన్ రాష్ట్రాల బ్యాంకు. దీని డిజైన్ గమనించండి. కింద ఒక్కో రాష్ట్రానికి ఒక సెంట్రల్ బ్యాంకు, ఆ రాష్ట్రాల బ్యాంకులన్నీ కలిసి పైన ఒక బ్యాంకు. ఏ ఒక్క నాయకుడూ ఫోన్ చేసి "నాకు డబ్బు కావాలి, ప్రింట్ చెయ్" అని చెప్పడానికి వీల్లేకుండా కట్టారు.

దీని డైరెక్టరేట్‌కి హెడ్‌గా వచ్చిన మనిషి విల్‌హెల్మ్ ఫోకె. ఈయన ఎవరంటే, 1939 జనవరిలో రైష్‌బ్యాంక్ పెద్దలు కొందరు "ఇలా అప్పులు చేసి ఖర్చు పెడితే కరెన్సీ కూలిపోతుంది" అని హిట్లర్‌కి లిఖితంగా చెప్పారు. అలా చెప్పినందుకు ఉద్యోగాలు పోయాయి. అలా పోయిన వాళ్లలో ఈయన ఒకరు. ఆ రోజు వినని మాటకి దేశం ఎంత ధర కట్టిందో చూశాక, అదే మనిషిని తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు.

26 ఏళ్ల కుర్రాడు, ముళ్ల కంచె వెనక 49 రోజులు

ఇప్పుడు అసలు హీరో ఎంట్రీ. ఎడ్వర్డ్ టెనెన్‌బామ్. అమెరికన్, యూదు కుటుంబం. 1945 ఏప్రిల్‌లో సైనికాధికారిగా బుఖెన్‌వాల్డ్ అనే నాజీల నిర్బంధ శిబిరంలోకి మొట్టమొదట అడుగుపెట్టిన అమెరికన్లలో ఈయన ఒకడు. అక్కడ ఏం చూసి ఉంటాడో మీరు ఊహించుకోవచ్చు. మూడేళ్ల తర్వాత, అదే జర్మన్ల కోసం కొత్త డబ్బు తయారు చేసే బాధ్యత ఈయన మీద పడింది. అప్పటికి వయసు 26. మనలో చాలామంది ఆ వయసులో మొదటి ఉద్యోగంలో ప్రొబేషన్‌లో ఉంటాం.

1948 ఏప్రిల్ 20న కొంతమంది జర్మన్ డబ్బు నిపుణుల్ని ఒక బస్సెక్కించారు. బయటికి ఏమీ కనపడకుండా ఆ బస్సు కిటికీలకి పాలరంగు అద్దాలు. తీసుకెళ్లి కాసెల్ నగరం దగ్గర రోత్‌వెస్టెన్ అనే ఎయిర్‌బేస్‌లో దించారు. చుట్టూ ముళ్ల కంచె, కాపలా. జూన్ 8 దాకా, అంటే 49 రోజులు, బయటి ప్రపంచంతో సంబంధం లేదు.

వాళ్లు ఏమనుకున్నారంటే, మా దేశం డబ్బు కాబట్టి మా ప్లాన్ అమలవుతుంది అని. టెనెన్‌బామ్ టీమ్ చెప్పింది వేరు: పెద్ద నిర్ణయాలు అయిపోయాయి, మీరు చట్టాలని జర్మన్‌లో సరిగ్గా రాయండి, ఫారాలు తయారు చేయండి. వాళ్లు బాధపడ్డారు, వాదించారు, కొన్ని చిన్న మార్పులు సాధించారు. చివరికి, దీని బాధ్యత ఆక్రమణలో ఉన్న మూడు దేశాలదే, మాది కాదు అని రాతపూర్వకంగా చెప్పి బయటికొచ్చారు. ఎందుకో తెలుసా? సామాన్యుడి సేవింగ్స్ ఎంత కోత పడబోతోందో వాళ్లకి తెలుసు. ఆ తిట్లు తమకి తగలకూడదని.

మరి నోట్లు? అవి అప్పటికే జర్మనీలోనే ఉన్నాయి! అమెరికాలో ప్రింట్ చేసి, దాదాపు 23 వేల చెక్క పెట్టెల్లో సర్ది, ఓడల్లో బ్రేమర్‌హాఫెన్ రేవుకి తెచ్చారు. పెట్టెల మీద "తలుపు పిడులు" అని రాశారు. అక్కణ్నుంచి రైళ్లలో ఫ్రాంక్‌ఫర్ట్‌కి, పాత రైష్‌బ్యాంక్ బిల్డింగ్ సెల్లార్‌లోకి. ఈ మొత్తం ఆపరేషన్‌కి "బర్డ్ డాగ్" అని సీక్రెట్ పేరు. మూడో కంటికి తెలియకుండా నడిచింది.

ఆ నోట్ల మీద ఇంకో విచిత్రం. ఏ బ్యాంకు పేరూ లేదు, ఎవరి సంతకమూ లేదు. "చెల్లిస్తానని హామీ ఇస్తున్నాను" అని మన రిజర్వ్ బ్యాంకు నోట్ల మీద ఉంటుంది కదా, అలాంటిదేమీ లేదు. ఎందుకంటే ప్రింట్ చేసేటప్పటికి ఆ బ్యాంకే ఖాయంగా లేదు, దేశమూ లేదు.

ఆ ఆదివారం

1948 జూన్ 18, శుక్రవారం సాయంత్రం రేడియోలో ప్రకటన వచ్చింది. జూన్ 20 ఆదివారం, రేషన్ కార్డులిచ్చే ఆఫీసుల ముందు క్యూలు. తలకి 40 కొత్త డాయిష్ మార్కులు, ఇంకో 20 కొన్ని వారాల తర్వాత. పసిపిల్లకైనా, ముసలాయనకైనా, ఓనర్‌కైనా, కూలీకైనా ఒకటే లెక్క. ఈ 60కి మాత్రం పాత 60 మార్కులు ఇస్తే చాలు. సోమవారం నుంచి పాత నోట్లు చెల్లవు. చిల్లర నాణేలు ఇంకా తయారు కాలేదు కాబట్టి, ఒక మార్క్ లోపు పాత చిల్లర పదో వంతు విలువతో కొన్నాళ్లు నడిచింది.

మనకి 2016 నవంబర్ 8 రాత్రి 8 గంటలు గుర్తుంది కదా. మా నాయనమ్మ బియ్యం డబ్బాలో దాచిన రెండు 500 నోట్లు ఆర్నెల్ల తర్వాత బయటపడ్డాయి, ఆవిడ ముఖం నాకు ఇంకా గుర్తే. కానీ ఒక పెద్ద తేడా ఉంది. మన దగ్గర పాత 500 బ్యాంకులో వేస్తే ఖాతాలో 500 పడింది. నోటు మారింది, విలువ మారలేదు. జర్మనీలో విలువే కోసేశారు.

రూల్స్ సింపుల్‌గా చెప్తా. జీతాలు, అద్దెలు, పెన్షన్లు: పాత అంకె ఎంతో కొత్త అంకె అంతే, 100కి 100. అప్పులు: 100కి 10. బ్యాంకులో దాచుకున్న డబ్బు: మొదట 100కి 10 అన్నారు, అందులో సగం లాక్ చేశారు. అక్టోబర్‌లో ఆ లాక్ చేసినదాంట్లో ఎక్కువ భాగం రద్దు చేశారు. ఫైనల్‌గా పాత 100 మార్కులకి దక్కింది 6 మార్కుల 50 ఫెనిగ్‌లు. జీవితాంతం కష్టపడి 10,000 మార్కులు దాచుకున్న మనిషికి చివరికి 650 మించి రాలేదు.

ఇప్పుడు బ్యాంకుల వైపు నుంచి చూడండి. బ్యాంకు దగ్గర ఉన్న ఆస్తి ఏంటి? ఎక్కువ శాతం హిట్లర్ ప్రభుత్వం బాండ్లే. అవి సున్నా అయిపోయాయి. కోసిన తర్వాత కూడా జనానికి ఇవ్వాల్సింది కొంత ఉంది. అటు ఆస్తి లేదు, ఇటు బాకీ ఉంది. అంటే ప్రతి బ్యాంకూ దివాళానే. దీనికి ఏం చేశారంటే, ఆ గుంట ఎంతుందో లెక్కగట్టి, అంత మొత్తానికి "మేం మీకు బాకీ" అని రాష్ట్ర ప్రభుత్వాల తరఫున కొత్త పత్రాలు ఇచ్చారు. తక్కువ వడ్డీ, కానీ వడ్డీ వస్తుంది. సోమవారం పొద్దున బ్యాంకు తలుపు తీయగలిగిందంటే ఆ కాగితం వల్లే.

సోమవారం పొద్దున

జూన్ 21. జనం షాపుల ముందు ఆగి చూస్తున్నారు. అద్దాల వెనక వెన్న, గుడ్లు, గిన్నెలు, బూట్లు, సైకిల్ ట్యూబులు! శనివారం దాకా "లేదు" అన్న షాపువాడి దగ్గర రెండు రోజుల్లో ఇన్ని ఎలా వచ్చాయి? రాలేదు. దాచినవే బయటికొచ్చాయి. ఇప్పుడు అమ్మితే వచ్చేది నిజమైన డబ్బు కదా. ఆ రోజుని చూసిన జర్మన్లు ముసలివాళ్లయ్యాక కూడా ఆ షాపు అద్దాల గురించే చెప్పేవాళ్లు. సంతోషంతో పాటు కోపం కూడా ఉంది అందులో. మా పిల్లలు ఆకలితో ఉన్నప్పుడు ఇవన్నీ మీ గోడౌన్‌లోనే ఉన్నాయా అని.

కరెన్సీ ఒక్కటే అయితే ఇది జరిగేది కాదు. లుడ్విగ్ ఎర్‌హార్డ్ అనే జర్మన్ ఎకనామిస్ట్, అప్పుడు ఆర్థిక వ్యవహారాల డైరెక్టర్, అదే టైమ్‌లో చాలా వస్తువుల మీద ధరల కంట్రోల్ ఎత్తేశాడు. ముఖ్యమైన తిండి, అద్దె, బొగ్గు లాంటివి మాత్రం కంట్రోల్‌లోనే ఉంచారు. కొత్త డబ్బు, స్వేచ్ఛగా కదిలే ధర, ఈ రెండూ కలిస్తేనే ఇంజిన్ స్టార్ట్ అయింది. పనికి డుమ్మాలు తగ్గాయి. 1948 రెండో సగంలో ఫ్యాక్టరీ ఉత్పత్తి దాదాపు 50 శాతం పెరిగింది.

హ్యాపీ ఎండింగ్ అనుకుంటున్నారా? ఆగండి. ధరలు పెరగడం మొదలైంది, జీతాల మీద మాత్రం నవంబర్ మొదలయ్యే దాకా కంట్రోల్ ఉంది. నిరుద్యోగం పెరిగింది. 1948 నవంబర్ 12న 90 లక్షల మందికి పైగా కార్మికులు ఒక రోజు సమ్మె చేశారు. జీతం మీద బతికేవాడికి షాపు అద్దం చూడటానికి బాగుంది, లోపలికి వెళ్లి కొనడానికి చేతిలో డబ్బు లేదు. సెంట్రల్ బ్యాంకు అప్పులు బిగించింది, 1949లో ధరలు దిగాయి. అప్పుడు గానీ జనానికి నమ్మకం కుదరలేదు.

బిల్లు ఎవరు కట్టారు?

ఈ ఎపిసోడ్‌లో నేను మీకు నిజంగా చెప్పాలనుకున్నది ఇదే. తలకి 40 మార్కులు, అందరూ సమానం అని అంటారు. నోట్లలో సమానం. కానీ ఫ్యాక్టరీ ఉన్నవాడికి ఫ్యాక్టరీ ఉంది. ఇల్లు ఉన్నవాడికి ఇల్లు ఉంది. పైగా అతని అప్పు పదో వంతు అయిపోయింది. బాంబులకి ఇల్లు పోయినవాడికి, తూర్పు నుంచి కట్టుబట్టలతో తరిమేయబడ్డ శరణార్థికి, పోస్టాఫీసు పుస్తకం తప్ప ఇంకేం లేని వితంతువుకి మిగిలింది ఆ 40 మార్కులే.

1946 ప్లాన్‌లో దీనికి మందు ఉంది, గుర్తుందా? ఆస్తులున్నవాళ్లు కొంత వదులుకోవాలి అని. ఆ భాగాన్ని 1948లో పక్కన పెట్టారు, మీ జర్మన్లే తర్వాత చేసుకోండి అన్నారు. చేసుకున్నారు, 1952లో. 1948 జూన్ 21న ఉన్న ఆస్తి విలువలో 50 శాతం లెవీ. వినడానికి భయంకరంగా ఉంది కదా, కానీ 30 ఏళ్ల వాయిదాల్లో కట్టొచ్చు. కాబట్టి ఎవరూ ఫ్యాక్టరీ అమ్ముకోవాల్సిన పని రాలేదు. ఆ డబ్బుతో శరణార్థులకి, ఇళ్లు పోయినవాళ్లకి సాయం అందింది. పూర్తి న్యాయం కాదు, కానీ ఏమీ చేయకుండా వదిలేయలేదు.

ఇంకో బిల్లు బెర్లిన్ కట్టింది. పశ్చిమంలో చెల్లని పాత నోట్లన్నీ తూర్పుకి వచ్చి పడతాయి కదా. సోవియట్ వాళ్లు జూన్ 23న తమ జోన్‌లో కూడా కరెన్సీ మార్చారు. కొత్త నోట్లు రెడీగా లేక, పాత నోట్ల మీదే చిన్న స్టిక్కర్ అంటించారు. జనం వాటిని వాల్‌పేపర్ మార్కులని ఎగతాళి చేశారు. జూన్ 24న బెర్లిన్‌కి రోడ్లు, రైళ్లు బంద్. దాదాపు 11 నెలలు, 1949 మే 12 దాకా, పశ్చిమ బెర్లిన్ జనం విమానాల్లో వచ్చిన పిండి, బొగ్గుతో బతికారు. ఒకే దేశంలో రెండు డబ్బులు వచ్చాయి, ఏడాదిన్నర లోపే రెండు దేశాలు వచ్చాయి. గమనించండి, పశ్చిమ జర్మనీ దేశంగా పుట్టింది 1949 మే 23న. అంటే దేశం కంటే 11 నెలల ముందే దాని డబ్బు పుట్టింది.

తర్వాత ఏమైంది?

ముక్కలు చేసిన ఆ 30 బ్యాంకులు 1952లో 9 అయ్యాయి, 1957-58 నాటికి మళ్లీ పాత మూడు పేర్లతో ఒక్కటయ్యాయి. సైన్యం విడగొట్టింది, వ్యాపారం అతికించేసింది. కానీ సెంట్రల్ బ్యాంకుకి ఇచ్చిన స్వతంత్రత మాత్రం నిలిచింది. 1956లో వడ్డీ రేట్లు పెంచినందుకు ఛాన్స్‌లర్ అడెనావర్ బహిరంగ సభలోనే బ్యాంకుని విమర్శించాడు. బ్యాంకు తగ్గలేదు. 1957లో అదే బుండెస్‌బ్యాంక్ అయింది.

డాడ్జ్ 1949లో జపాన్ వెళ్లాడు. అక్కడ కూడా అమెరికా సైన్యమే. బడ్జెట్ బిగించి, డాలర్‌కి 360 యెన్ రేటు ఫిక్స్ చేశారు. ఎర్‌హార్డ్ తర్వాత ఛాన్స్‌లర్ అయ్యాడు. టెనెన్‌బామ్ పేరు మాత్రం చాలాకాలం ఎవరికీ గుర్తులేదు.

సో, మొదట్లో అడిగిన ప్రశ్నకి వద్దాం. నోట్లు ప్రింట్ చేసి పంచితే పేదరికం ఎందుకు పోదు? ఎందుకంటే నోటు అనేది సరుకు మీద ఒక చీటీ. సరుకు పెరగకుండా చీటీలు పెంచితే, ఎవరో ఒకరి చీటీ చెల్లకుండా పోతుంది. జర్మనీలో 1939 నుంచి 1945 దాకా కొట్టిన ఆ చీటీల బిల్లు 1948లో వచ్చింది. కట్టింది ఆ నోట్లు కొట్టించినవాడు కాదు, పాస్‌బుక్‌ని నమ్ముకున్న మామూలు మనిషి.

ఈసారి మీ ఫోన్‌లో బ్యాంక్ బ్యాలెన్స్ చూసుకున్నప్పుడు ఒక్క క్షణం ఆగండి. ఆ అంకె వెనక బంగారం లేదు, బీరువా లేదు. ఒక మాట ఉంది. ఆ మాట నిలబెట్టాల్సిన వాళ్లు ఏం చేస్తున్నారో, అప్పుడప్పుడూ అడుగుతూ ఉండటం మన పని.

ఈ రోజుకి ఇంతే. మీ ఇంట్లో పెద్దవాళ్లని ఒకసారి అడగండి, వాళ్లు చూసిన చెల్లని నోట్ల కథలేంటో.